బంతికి 49 లక్షలు

జనగామ,
ఆదివారం

దోస్తూ,

నువ్వు భూపాలపల్లి పోయినంక నీకు ఉత్తరం రాసుడు ఇదే మొదలు. ఫోన్ చేద్దామంటే ఒకరోజు నైట్ షిఫ్ట్ అంటవ్, ఇంకోరోజు పడుకున్న అంటవ్.

మొన్న బీరువా సర్దుతుంటే మన పాత కేబుల్ కలెక్షన్ బుక్కు దొరికింది. మానుకోట స్టేషన్ అవతలి గల్లీలన్నీ యాదికొచ్చినయ్. స్తంభం మీద నువ్వు, కింద నిచ్చెన పట్టుకొని నేను. మ్యాచ్ నాడు కరెంటు పోయినా, వాన పడి డిష్ గుంజకపోయినా తిట్లు మనకే.

2017 తర్వాత పడ్డ తిట్లు మాత్రం నేను మర్వలేదు. ఇండియా ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లను హక్కులు కొన్న కంపెనీ దూరదర్శన్‌కు ఇయ్యాలని 2007ల చట్టం వచ్చింది గదా. దూరదర్శన్ తన టవర్ల మీద, ఫ్రీ డిష్‌ల చూపెట్టుకోవచ్చు గాని కేబులోళ్లకు ఆ సిగ్నల్ పోవద్దని 2017 ఆగస్టుల సుప్రీంకోర్టు తేల్చింది. ఇదంతా వాకిట్ల నిలబడి ఎవరికి చెప్తం? "దూరదర్శన్ సర్కారుదే, దాంట్ల మ్యాచ్ ఎందుకు ఆపినవ్?" అని ఒక పెద్దమనిషి నెల పైసలు ఆపిండు. పక్కింటోళ్లు ఫ్రీ డిష్ ఛత్రి పెట్టుకున్నరు, వాళ్లకు మ్యాచ్ మంచిగ వస్తున్నది. మనమే దొంగలమైనం. కంపెనీ మాట కూడ తప్పనలేను. వేల కోట్లు పోసి కొన్నది, ఊరంత ఉత్తగ వస్తే వాళ్ల చానల్ ఎవరు పెట్టించుకుంటరు?

అంతకు 22 ఏండ్ల ముందు అదే కోర్టు ఇంకో మాట చెప్పింది. 1993 హీరో కప్ హక్కులను బెంగాల్ క్రికెట్ సంఘం విదేశీ కంపెనీకి అమ్మితే దూరదర్శన్ కొట్లాటకు దిగింది. 1995 ఫిబ్రవరిల తీర్పొచ్చింది: గాలి తరంగాలు ప్రజల ఆస్తి, సర్కారు ఒక్కదాని సొత్తు కాదు. ఆ ముగ్గురు జడ్జీలల్ల ఒకరు మన తెలుగాయనే, జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. సరే, ఆకాశం మనదైంది. దాంట్లకెళ్లి వచ్చే ఆట మాత్రం మనది కాలేదు.

ఆ ఆట ధరెంతో 2022 జూన్‌ల తెలిసింది. 2023 నుంచి 2027 దాక ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లు. మొత్తం 410 మ్యాచ్‌లన్నరు. కలెక్షన్ బుక్కు వెనుక అట్ట మీద లెక్కేసిన: మ్యాచ్‌కు 118 కోట్లు. 240 బంతులు పడితే బంతికి 49 లక్షలు. వైడ్లు, నోబాళ్లు కొసరు.

గిన్ని పైసలు యాడికెళ్లి రావాలె? ఓవర్‌కూ ఓవర్‌కూ నడుమ ప్రకటనలు చూసే మన కండ్లల్లకెళ్లే. రెండున్నర నిమిషాల టైమౌట్ ఆటగాళ్ల కోసమే అనుకుంటిమి! ఆ ప్రకటనల యాప్‌లల్ల పైసలు పెట్టి ఆడుడు తెలంగాణల 2017లనే బంద్ చేసిరి. అయినా ఆ యాప్‌ల ప్రకటనలు మన ఇండ్లల్ల మోగుడు ఆగలేదు. 2020ల ఐపీఎల్ పేరు ముందు నిలబడ్డది అసొంటి యాపే, డ్రీమ్ లెవెన్. తెలంగాణోళ్లు ఆడొద్దని చీమ తలకాయంత అక్షరాలల్ల రాసేటోళ్లు. దేశమంతట బంద్ కానీకి 2025 ఆగస్టు దాక పట్టింది.

మన వైరు తెగింది 2023లనే. జియో సినిమాల రెండేండ్లు మ్యాచ్‌లు ఫుకట్ల చూపెట్టిరి, పోరగాండ్లందరు ఫోన్లకు మల్లిరి. అలవాటైనంక, 2025ల దాన్ని హాట్‌స్టార్‌తోటి కలిపి జియో హాట్‌స్టార్ అని పేరు పెట్టి పైసలడిగిరి. మన గిరాకి మల్ల రాలే.

ఒక్కటి ఒప్పుకోవాలె. 2018ల స్టార్ స్పోర్ట్స్ తెలుగు వచ్చినంక మా అమ్మకు ఎల్‌బీడబ్ల్యూ అర్థమైంది. ఇప్పుడు అంపైర్‌కంటే ముందే వేలెత్తుతది.

1996ల పాకిస్తాన్ మీద క్వార్టర్ ఫైనల్ యాదున్నదా? కరెంటు పోతే మీ పెద్దనాయన ట్రాక్టర్ బ్యాటరీ విప్పి టీవీకి తగిలిచ్చిండు. వెంకటేష్ ప్రసాద్ సోహైల్ వికెట్లు ఎగరగొడితే వాడంత లేసి దుంకింది. ఎవరి జేబుల పైస లేదు, ఎవరూ అడగలేదు.

ఫ్రీ డిష్ డబ్బా ఒకటి కొన్న. ఐపీఎల్ మొత్తం రాదు, ఇండియా వన్డేలైతే వస్తయ్. ఛత్రి ఇంక ఇంటి మీదికి ఎక్కలేదు, నాకు మోకాళ్లు సహకరిస్తలేవు. ఈసారి నీ ప్లేడే సెలవు నాడు ఇండియా మ్యాచ్ పడితే పొద్దున్నే రా. నిచ్చెన నేను పట్టుకుంట.

నీ
దోస్తు