గరికతో పేచీ

ఫీనిక్స్‌కి వస్తుంటే అందరిదీ ఒకటే మాట: ఎడారి కదా, పొడిగాలికి నీ తుమ్ములు పోతాయి. ఒకప్పుడు ఉబ్బసం వాళ్లను డాక్టర్లు కూడా ఇటే పంపేవారట. వచ్చినవాళ్లు ఊరుకున్నారా! నీడ కోసం ఆలివ్, మల్బరీ చెట్లు నాటుకున్నారు. పండ్లు రాలి వాకిలి పాడవకూడదని మగ మల్బరీలే ఏరి మరీ. పుప్పొడి దులిపేది అవే. లాస్ వేగస్‌లో 1991లోనే ఈ రెండూ కొత్తగా నాటొద్దన్నారు.

ఏప్రిల్‌లో పాలో వెర్డే చెట్టు పూలు రాలి కారంతా పసుపు చల్లినట్టుంటే దాన్నే తిట్టుకున్నాను, పాపం. దాని పుప్పొడిని ఎక్కువగా మోసేది గాలి కాదు, తేనెటీగలు. తీరా పరీక్ష చేయిస్తే నాకు పడనిది బెర్ముడా గడ్డి అని తేలింది. అంటే మన గరిక! ఏటా వినాయకుడికి నా చేత్తో కోసి పెట్టే గరికే.

ఈ చవితికి మాస్కు పెట్టుకుని కొయ్యాలి.