నల్లమల నడకకు పన్నెండు వందల బూట్లు

శివరాత్రికి శ్రీశైలం బస్సులో వెళ్లేవాళ్లు లక్షల్లో ఉంటారు. నడిచి వెళ్లేవాళ్లూ తక్కువేం కాదు. మా ఆత్మకూరు వైపు నుంచి నడకదారి వెంకటాపురం దగ్గర అడవిలోకి దిగుతుంది. నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం... మొత్తం నలభై కిలోమీటర్లకు పైనే. పులులుండే రిజర్వు అడవి కాబట్టి మామూలు రోజుల్లో ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు. శివరాత్రికీ ఉగాదికీ భక్తుల కోసం దారి వదులుతారు. ఉగాదికైతే కర్ణాటక నుంచి వందల కిలోమీటర్లు నడిచొచ్చిన కన్నడ భక్తులు ఈ అడవి దాటి మల్లన్నను చేరుకుంటారు.

ఈ దారిలో జనం మొహాల కంటే కాళ్లు చూస్తే ఎక్కువ కథలు దొరుకుతాయి. సగం మంది వట్టికాళ్లు. మిగతావాళ్లలో ఎక్కువమందివి హవాయి చెప్పులు. ఉంగటం తెగితే పిన్నీసు పెట్టి నడిపిస్తారు. కాలేజీ కుర్రాళ్లు ఫ్లోటర్స్‌లో వస్తారు. నాలాంటి హైదరాబాద్ ఉద్యోగులు ఒకరిద్దరు మాత్రం చీలమండల పైదాకా తోలు బూట్లు వేసుకుని, చెమటలు కక్కుతూ కనిపిస్తారు.

మా నాన్న ముప్పై ఏళ్లుగా వట్టికాళ్ల బ్యాచ్. నాలుగేళ్ల కిందట ఆయనకు షుగర్ వచ్చింది. పోయిన శివరాత్రికి ముందు డాక్టరు ఒక సన్నటి నైలాన్ దారంతో ఆయన అరికాళ్లు అక్కడక్కడా తాకి చూశాడు. కొన్నిచోట్ల తాకిన సంగతే నాన్నకు తెలియలేదు. "నడవండి, మంచిదే. కానీ వట్టికాళ్లతో వద్దు. ముల్లు గుచ్చుకున్నా మీకు తెలీదు" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చాక నాన్న ఒకటే మాట. "బూట్లేసుకోని మల్లన్న కాడికి యాడన్నా పోతార్రా?"

అమ్మ వంటింట్లోంచే జవాబిచ్చింది. "కాలు పోతే వచ్చే ఏడు ఏం పెట్టుకోని పోతావు? గుడికాడ ఇడువు, అడివిలో ఏసుకో."

అమ్మ తీర్పు మీద అప్పీలు లేదు. బూట్లు కొనే పని నా మీద పడింది.

డబ్బు సమస్య కాదు. ఖరీదైనవి కొనిస్తే నాన్న వేసుకోడు, అదీ సమస్య. పాడైపోతాయని అట్టపెట్టెతో సహా అటకెక్కిస్తాడు. కాబట్టి పదిహేను వందలు దాటకూడదు అనుకున్నా. రెండోది బరువు. పాదానికి కట్టుకున్న బరువు, వీపున మోసే బరువు ఒకటి కాదు. 1969లో ఇద్దరు అమెరికా పరిశోధకులు దీన్ని కొలిచారు. అంతే బరువును ఒంటి మీద మోసేదానికంటే పాదాలకు కట్టుకుంటే నడక వేగాన్నిబట్టి నాలుగు నుంచి ఆరు రెట్ల శక్తి ఖర్చవుతుందని తేలింది. తోలు బూటు ఒక్కోటి ఆరేడు వందల గ్రాములుంటుంది. తేలికపాటి జాలీ షూ మూడు వందలు. నలభై కిలోమీటర్లంటే సుమారు అరవై వేల అడుగులు. అడుగుకు మూడు వందల గ్రాములు ఎక్కువ లేపితే మొత్తం పద్దెనిమిది టన్నులు! అరవై ఏళ్ల మనిషి కాళ్లతో ఆ లారీ లోడు ఎత్తించడం ఎందుకు?

మూడోది అడవి. హైకింగ్ అనగానే ఫోన్లో మంచుకొండలు కనిపిస్తాయి గానీ శివరాత్రి నాటికి నల్లమల ఆకు రాల్చేసి ఎండిపోయి ఉంటుంది. కింద గట్టి రాయి. ఈ కొండల రాతిపొరకు భూగర్భశాస్త్రంలో శ్రీశైలం క్వార్ట్‌జైట్ అనే పేరుంది. నున్నటి బండలు, వాటి మీద గులకరాళ్లు, దుమ్ము, ముళ్లు. ఇక్కడ వాటర్‌ప్రూఫ్ బూటు దండగ. బయటి నీళ్లు రాకపోగా లోపలి చెమట బయటికి పోదు. తడిసిన చర్మమే ముందు బొబ్బలెక్కుతుంది.

అందుకే గాలాడే జాలీ పైభాగం, బండ మీద జారని మెత్తటి రబ్బరు అడుగు, కాలివేళ్ల దగ్గర వెడల్పు ఉన్నవే వెతికాం. నంద్యాలలో నాలుగు దుకాణాలు తిరిగాం. సాయంత్రమే వెళ్లాం, ఎందుకంటే నడిచేకొద్దీ పాదం ఉబ్బుతుంది. పొద్దున సరిపోయింది సాయంత్రానికి బిగుసుకుంటుంది. నడకలో వేసుకోబోయే సాక్సుతోనే వేసి చూశాం. మీరు కూడా ఇలా చూడండి:

లోపలి అట్టను బయటికి తీసి దాని మీద నిలబడండి. పాదం అంచు దాటి బయటికొస్తే ఆ షూ మీది కాదు.

బొటనవేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. దుకాణంలో మెట్లుంటే దిగి చూడండి. వేళ్లు ముందుకు గుద్దుకుంటే దిగుడులో గోళ్లు నల్లబడతాయి.

షూను రెండు చేతులతో గుడ్డ పిండినట్టు పిండండి. పూర్తిగా మెలి తిరిగిపోతే రాళ్లన్నీ అరికాలికి తెలుస్తాయి. వేళ్ల దగ్గర మాత్రమే వంగాలి.

మడమ పైకి లేవకూడదు. లేస్తే రుద్దుకుంటుంది, రుద్దుకుంటే బొబ్బ.

ఆరున్నర వేలవి కూడా చూపించారు. నాన్న పాదం వెడల్పు, అందులో చిటికెన వేలు నలిగింది. చివరికి పన్నెండు వందల జత అన్ని పరీక్షలూ పాసైంది. చెమట పీల్చి త్వరగా ఆరే సాక్సులు రెండు జతలు మూడు వందలు. లెక్క సరిపోయింది. మూడు వారాలు రోజూ పొలం గట్ల మీద వాటితోనే నడిచారు. కొత్త బూట్లతో అడవి ఎక్కొద్దు, ఎంత మంచివైనా సరే.

నాగలూటిలో వీరభద్రుడి గుడి దగ్గర నాన్న బూట్లు విప్పి దండం పెట్టుకుని, మళ్లీ తొడుక్కున్నాడు. తొడుక్కునే ముందు చెయ్యి పెట్టి లోపల రాళ్లున్నాయేమో తడిమాడు. షుగరున్నవాళ్లు ప్రతిసారీ చేయాల్సిన పని ఇది.

రాత్రి పెచ్చెరువులో ఆగాం. అక్కడ చెంచుల గూడెం ఉంది. ఫోన్ టార్చి వేసి నాన్న పాదాలు చూశా. ఎడమకాలి చిటికెన వేలు పక్కన రూపాయి బిళ్లంత ఎర్రగా కందింది. "నొప్పుందా?" అంటే "ఏం లేదే" అన్నాడు. నిజంగానే ఆయనకు తెలీలేదు. దాని మీద మెడికల్ టేపు వేసి, లేసు ఆ చోట కాస్త వదులు చేసి, సాక్సులు మార్చాం. అదే వట్టికాలైతే తెల్లారేసరికి ఏమయ్యేదో నాకు ఊహించాలని కూడా లేదు.

మర్నాడు భీముని కొలను. లోయలోకి నిట్టనిలువుగా దిగి, మళ్లీ కైలాసద్వారం దాకా ఎక్కాలి. మెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తు. ఈ దిగుడులో లేసులు కాస్త బిగించుకోవాలి, పాదం ముందుకు జారకుండా. తోలు బూట్ల కుర్రాడొకడు మెట్ల పక్కన కూర్చుని గోళ్లు చూసుకుంటున్నాడు. నాన్న ఆగి అతనికి మా టేపు ఇచ్చాడు. "లోపల కాగితం మాదిరి సాపుగా అంటించు నాయనా, ముడతలు పడితే అదే కోస్తాది" అని చెప్పాడు. ముప్పై ఏళ్లు వట్టికాళ్లతో నడిచిన మనిషి, మూడు వారాల్లో నిపుణుడైపోయాడు.

ఈసారి వెళ్లాలనుకునేవాళ్లు శివరాత్రికి కనీసం నెల ముందే కొనండి. బ్రాండు చివర్లో చూడండి, ముందు పాదం చూసుకోండి. ఇంట్లో షుగరున్న పెద్దవాళ్లు నడుస్తామంటే ఆపడం కంటే ముందు డాక్టరు దగ్గర అరికాళ్లు చూపించండి. స్పర్శ బాగా తగ్గిందని చెబితే బస్సులోనే తీసుకెళ్లండి.

నాన్న బూట్లు ఇప్పుడు అటక మీద లేవు. గుమ్మం పక్కనే ఉన్నాయి, మట్టి కొట్టుకుని.