తెగిన చోటును వెలుగే చెబుతుంది: కోఠిలో ఈఎల్ వైరు మరమ్మతు

హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ విడిభాగాల అంగళ్లకు పేరుపొందిన ప్రాంతం కాగా, ఆ పరిసరాల్లోని ఒక ఇరుకైన మరమ్మతు గదికి కార్ల డాష్‌బోర్డు అంచుల్లో పొదిగే వెలుగు తీగలు, చీకటి వేదికపై నాట్యబృందాలు తొడుక్కునే మెరుపు దుస్తులు తరచుగా వస్తుంటాయి. బజారులో నియాన్ వైరు పేరుతో అమ్ముడయ్యే ఈ తీగ నిజానికి ఎలక్ట్రోల్యూమినిసెంట్ వైరు, క్లుప్తంగా ఈఎల్ వైరు. పదార్థం వేడెక్కకుండానే విద్యుత్ క్షేత్రానికి లోనై నేరుగా కాంతినివ్వడాన్ని విద్యుద్దీప్తి అంటారు. పొడి రూపంలోని జింక్ సల్ఫైడ్‌లో ఈ గుణాన్ని 1936లో ఫ్రెంచి శాస్త్రవేత్త జార్జ్ దెస్త్రియో వెల్లడించాడు.

తీగ నిర్మాణం తెలియనిదే దాని రోగం అంతుపట్టదు. నడుమ ఒక గట్టి రాగి తీగ, దానిపై రాగి కలిపిన జింక్ సల్ఫైడ్ పూత, అంటే ఫాస్ఫర్, ఆ పూత మీద మెలికలుగా చుట్టిన వెంట్రుకంత సన్నని రెండు తీగలు, ఆపైన పారదర్శకమైన తొడుగు, అన్నిటికీ పైన రంగు తొడుగు ఉంటాయి. నడిమి తీగకూ సన్న తీగలకూ మధ్య ఎక్కడా విద్యుత్తు నేరుగా ప్రవహించే దారి ఉండదు కనుక ఇది బల్బు వంటిది కాదు, పొడవాటి కెపాసిటర్. దానికి దాదాపు నూరు వోల్టుల ఏకాంతర విద్యుత్తు, సెకనుకు వెయ్యి నుంచి కొన్ని వేల ఆవర్తనాల వేగంతో అందాలి. సెల్లు గానీ కారు బ్యాటరీ గానీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును ఆ రూపంలోకి మార్చే చిన్న పెట్టెను ఇన్వర్టర్ అని, వాడుకలో డ్రైవర్ అని అంటారు.

సందర్శన సమయంలో బల్ల మీద ఉన్నది ఒక నాట్యబృందపు నల్ల కోటు. ఛాతీ, కుడి చేయి వెలుగుతున్నాయి. ఎడమ చేయి మోచేతి దాకా వెలిగి, ఆ కింద మణికట్టు వరకు చీకటిగా ఉంది. కోటు తెచ్చినవారు డ్రైవర్ పోయిందని అనుకున్నారు గాని, డ్రైవర్ పాడైతే దాని మీద ఆధారపడిన తీగ అంతా ఆరిపోతుందే తప్ప సగంలో ఆగదు. వెలుగు ఎక్కడ ఆగిందో అక్కడే నడిమి తీగ గానీ, రెండు సన్న తీగలూ గానీ తెగి ఉంటాయి. సన్న తీగల్లో ఒకటి మాత్రమే తెగితే రెండోది పని నడిపిస్తుంది కనుక లోపం బయటపడదు. మోచేయి వంగిన ప్రతిసారీ రాగి అలసి విరగడం ఈ దుస్తుల్లో సర్వసాధారణం. చూడబోతే ఇది తీగ దోషం కన్నా కుట్టినవారి దోషమే. కీళ్ల దగ్గర కొంత వదులు ఉంచకుండా తీగను గుడ్డకు బిగించి కుట్టేశారు.

తీగ మొత్తం చీకటిగా ఉన్నప్పుడు పరీక్ష క్రమం వేరు. మొదట కొత్త సెల్లు వేసి చూస్తారు. తరువాత డ్రైవర్‌కు బాగున్నట్టు ముందే తెలిసిన మరో తీగను కలుపుతారు. అది వెలిగితే డ్రైవర్‌పై అనుమానం తొలగిపోతుంది. పనిచేసే డ్రైవర్ సాధారణంగా సన్నగా కీచుమంటుంది కాబట్టి చెవి దగ్గర పెట్టుకొని వినడం కూడా ఒక పరీక్షే, అయితే దానిని పూర్తిగా నమ్మడానికి వీల్లేదు. మల్టీమీటరును నడిమి తీగకూ సన్న తీగలకూ ఆనించినప్పుడు బజర్ మోగకపోవడమే ఆరోగ్య లక్షణం, మోగితే షార్టు ఉన్నట్టు. మామూలు వైర్ల పనికి అలవాటుపడినవారు ఇక్కడే తడబడతారు. షార్టు తరచుగా తీగ చివరన దొరుకుతుంది: కత్తిరించిన కొసను మూయకుండా వదిలేస్తే సన్న తీగ జారి నడిమి రాగిని తాకుతుంది. కొసను కొద్దిగా కత్తిరించి, జిగురుతో మూసి, పైన స్లీవ్ తొడిగితే అంతటితో పని ముగుస్తుంది. కొస మూయడానికి మరో ప్రయోజనమూ ఉంది. చెమట, తేమ లోపలికి పోతే ఫాస్ఫర్ చెడి నల్లమచ్చలు పడతాయి.

అయితే ఎక్కువ ఫిర్యాదులకు మూలం కనెక్టర్ దగ్గరి అతుకే. చౌక కార్ల సెట్లలో ఆ అతుకుకు టేపు చుట్టడం తప్ప వేరే రక్షణ కనబడదు. కోటు చేతికి చేసిన మరమ్మతు కూడా సారాంశంలో కొత్త అతుకు వేయడమే. విరిగిన చోట తీగను కోసి, స్లీవ్ ముక్కలను ముందుగానే తొడిగి, రంగు తొడుగును రెండు సెంటీమీటర్ల మేర ఒలిచారు. ఆ తరువాత పారదర్శక తొడుగును తీయడంలోనే అసలు నేర్పు ఉంది. బ్లేడు కాస్త లోతుగా దిగితే సన్న తీగలు రెండూ తెగి మళ్లీ మొదటికి వస్తుంది. వాటిని వెనక్కి మడిచి, రంగు తొడుగు అంచున చుట్టిన రాగి టేపుకు సోల్డర్ చేశారు, ఎందుకంటే అంత సన్నని తీగకు నేరుగా వైరు అతికిస్తే అది నిలవదు. నడిమి తీగ మీది ఫాస్ఫర్‌ను పూర్తిగా గీకి శుభ్రం చేయకపోతే సోల్డర్ పైపైన ఉండచుట్టి, పట్టినట్టే కనబడి పట్టదు. దీనినే డ్రై సోల్డర్ అంటారు. చివరకు రెండు అతుకులూ ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా స్లీవులు వేసి, వంపు భారం అతుకు మీద పడకుండా గ్లూ గన్ జిగురుతో గట్టిపరిచారు. మణికట్టు వైపు మిగిలిన ముక్కకూ ఇలాగే కొత్త వైరు వేసి అదే డ్రైవర్‌కు సమాంతరంగా కలిపారు. ఈ పని అంతా సెల్లు తీసేశాకే సాగుతుంది. ప్రవాహం స్వల్పమే అయినా నూరు వోల్టులు వేలికి చురుక్కుమనిపిస్తాయి.

మరమ్మతుకు లొంగని లోపం ఒకటుంది. తెగకుండా, షార్టు కాకుండా, మొదటి నుంచి చివరి దాకా ఒకేలా మసకబారిన తీగలో ఫాస్ఫరే అరిగిపోయి ఉంటుంది. కొన్ని వేల గంటల వాడకంలో వెలుగు సగానికి పడిపోవడం దాని స్వభావం. ఆవర్తన వేగం పెంచితే కొంతకాలం ప్రకాశం హెచ్చుతుంది గాని, మిగిలిన ఆయుష్షు మరింత త్వరగా హరించుకుపోతుంది. అటువంటి తీగను బాగుచేస్తామని డబ్బు అడిగేవారికి దాన్ని అప్పగించవద్దు. పాత డ్రైవర్ పనిచేస్తుంటే కొత్త తీగ మాత్రం కొంటే చాలు, అయితే దాని పొడవు డ్రైవర్ మీద రాసిన పరిమితికి లోబడి ఉండాలి. ఎక్కువైతే వెలుగు చాలదు, మరీ తక్కువైతే డ్రైవర్ దెబ్బతింటుంది.