నాలుగో పీరియడ్

2025 ఆగస్టు 13, బుధవారం

బడి తెరిచారు. డాలస్ ఎండ మన రోహిణి కార్తెను మరిపిస్తోంది. ఈ ఏడు నుంచి టెక్సస్ ప్రభుత్వ బడుల్లో పిల్లలు బడివేళల్లో ఫోను ముట్టుకోకూడదని చట్టం వచ్చింది. పోయినేడు దాకా మధ్యాహ్నం "అమ్మా, లంచ్ బోర్" అని మెసేజ్ వచ్చేది. ఇవాళ రాలేదు. నాలుగైదు సార్లు ఫోను తిప్పి తిప్పి చూసుకున్నది నేనే.

మా అమ్మాయిది పదకొండో తరగతి. ఏపీలు నాలుగు: యూఎస్ హిస్టరీ, కెమిస్ట్రీ, ప్రీకాలిక్యులస్, ఇంగ్లీషు లాంగ్వేజ్. ఏపీ అన్నప్పుడల్లా నాకు ముందు తట్టేది ఆంధ్రప్రదేశే. ఇది అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లోనే కాలేజీ పాఠం, మే నెలలో పరీక్ష, 1 నుంచి 5 దాకా స్కోరు. వీటికి తోడు బ్యాండు. అందులో క్లారినెట్ వాయిస్తుంది.

ఆగస్టు 29, శుక్రవారం

మొదటి వ్యాసం దిద్ది ఇచ్చారు. ఆరుకి మూడు. పిల్లల భాషలో "వన్ టూ జీరో". థీసిస్‌కి ఒకటికి ఒకటి, ఆధారాలకూ వాటి మీద వ్యాఖ్యానానికీ కలిపి నాలుగుకి రెండు, సొఫిస్టికేషన్ అనే దానికి ఒకటికి సున్నా. ఆ సున్నా దాదాపు అందరికీ వస్తుందట, దాని గురించి ఎవరూ ఏడవరు. ఏడుపంతా రెండు గురించే.

"పుట్టినప్పటి నుంచీ నువ్వు మాట్లాడేది ఇంగ్లీషే కదే, అందులో తక్కువ రావడమేమిటే?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. దభాలున తలుపు పడింది.

సెప్టెంబరు 1, లేబర్ డే

సెలవు. దోసెపిండి రుబ్బాను, బట్టలు మడతపెట్టాను. దానికి మాత్రం సెలవు లేదు, రెండో వ్యాసం.

నాకు ఇంగ్లీషులో మార్కులొచ్చాయి కానీ ఇంగ్లీషు రాలేదు. టెన్త్ దాకా జిల్లా పరిషత్తు హైస్కూల్లో తెలుగు మీడియం. ఇంటర్‌లో గైడు కొని పాఠానికి రెండేసి వ్యాసాలు కంఠతా పట్టాను. ఒక వాక్యం మర్చిపోతే తరవాతిది గుర్తొచ్చేది కాదు, పేజీ పేజీయే ఎగిరిపోయేది. ఇప్పటికీ ఆఫీసులో పొద్దున పది నిమిషాల మీటింగ్‌లో చెప్పాల్సినది ముందు కాగితం మీద రాసుకుంటాను. ఈ పిల్లకు ఇంగ్లీషు వచ్చు, మార్కులే రావడం లేదు. నా అనుభవం దానికి ఎందుకూ పనికిరాదు.

సెప్టెంబరు 5, శుక్రవారం రాత్రి

ఫుట్‌బాల్ ఆట. నాకు ఆట అర్థం కాదు, హాఫ్ టైమ్ కోసం కూర్చుంటాను. బరువైన యూనిఫారంలో, తల మీద ఈకల టోపీతో ఆ గుంపులో మన పిల్లను పోల్చుకోవడమే ఒక ఆట. రాత్రి పదకొండున్నరకు ఇంటికి.

బ్యాండు సాధనకు టెక్సస్‌లో ఒక నియమం ఉంది. బడివేళలు పోను, బడి జరిగే వారంలో ఎనిమిది గంటలు మించకూడదు. ఇంగ్లీషు హోంవర్కుకు అలాంటి నియమం ఎవరూ పెట్టలేదు.

సెప్టెంబరు 9, మంగళవారం

ఇంగ్లీషులో ఇప్పుడు 78. మా ఆయన ఎక్సెల్ తెరిచారు.

మా దగ్గర జీపీఏ 6 మీద. ఏపీలో నూటికి నూరు వస్తే 6, మామూలు క్లాసులో నూటికి నూరు వస్తే 5. మామూలు క్లాసంటే పిల్లలు "ఆన్ లెవెల్" అంటారు. ఒక్కో మార్కు తగ్గితే పాయింట్ వన్ పోతుంది. అంటే ఏపీకి పది మార్కుల కట్నం. ఏపీలో 78 వస్తే 3.8. ఆన్ లెవెల్‌లో 95 తెచ్చుకుంటే 4.5. "దిగితేనే లాభం," అన్నారాయన, గోల్డ్ లోను వడ్డీ లెక్క తేలినట్టు.

యూటీ ఆస్టిన్ యూనివర్సిటీలో ర్యాంకును బట్టి నేరుగా ఇచ్చే సీటు ఇన్నాళ్లూ క్లాసులో పైనున్న ఆరు శాతానికి. ఇప్పుడు అయిదు శాతానికి కుదించారు. ఆ శాతం కోసం ఈ ఊళ్లో ఎన్ని ఇళ్లల్లో ఎక్సెళ్లు తెరుచుకున్నాయో.

లెక్క తప్పు కాదు. అయినా నాకు ఒళ్లు మండింది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇవాళ్టిది కాస్త వివరంగా రాసుకోవాలి.

ఫ్లారెన్స్ కెల్లీ అనే ఆవిడ 1905లో ఫిలడెల్ఫియాలో, ఓటు హక్కు కోసం పోరాడే ఆడవాళ్ల సభలో, మిల్లుల్లో పనిచేసే పిల్లల గురించి ప్రసంగించింది. 2011 ఏపీ పరీక్షలో అది ప్రశ్నగా వచ్చింది, అప్పటి నుంచి టీచర్లు సాధనకు ఇస్తూనే ఉన్నారు. ఆవిడ తన శ్రోతలను ఎలా ఒప్పించిందో రాయాలి. నలభై నిమిషాలు.

మనది ఏం రాసిందో చదివాను. పిల్లలు రాత్రంతా నూలు మిల్లుల్లో పనిచేస్తున్నారని చెప్పింది, ఫలానా రాష్ట్రంలో చట్టం లేదని చెప్పింది, చాలా బాధగా చెప్పింది. అన్నీ "చెప్పింది"లే. పక్కన ఎర్రసిరాతో టీచరు మూడు చోట్ల "సో వాట్?" అని రాశారు. అది పరుషంగా లేదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

నాకు మా తాతయ్య గుర్తొచ్చాడు. తెనాలి పక్క పల్లె మాది. పరిషత్తు నాటకాలకు, పద్య నాటకాలకు తాతయ్య నన్ను భుజాన వేసుకుని వెళ్లేవాడు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కృష్ణ రాయబారం సీను వచ్చేదాకా నేను నిద్రపోయేదాన్ని, రాగానే తాతయ్య లేపేవాడు. "చూడు, ఇప్పుడు ఎవరితో మాట్లాడుతున్నాడో చూడు" అనేవాడు. పద్యం ఎలా ఉందని ఎన్నడూ అడగలేదు, ఎవరితో అనేదే అడిగేవాడు.

యూట్యూబ్‌లో ఆ సీను పెట్టాను. దానికి సగం తెలుగే అర్థం కాదు, పద్యం అసలు కాదు. నేను ఆపి ఆపి చెప్పాను. ఇక్కడ పెద్దాయన్ని బతిమాలుతున్నాడు, గొంతు చూడు ఎంత మెత్తగా ఉందో. ఇక్కడ అదే సభలో, అర్జునుడి రథం యుద్ధానికి వస్తే ఎలా ఉంటుందో బొమ్మ కట్టి చూపిస్తున్నాడు, సంధికని వచ్చి భయపెడుతున్నాడు. తరవాత కర్ణుణ్ణి విడిగా పిలిచి చుట్టరికం చెబుతాడు. అడిగేది ఒక్కటే, యుద్ధం వద్దని. మనిషిని బట్టి దారి మారుతోంది.

అది సోఫాలో కాళ్లు ముడుచుకు కూర్చుని వింది. రాగం లాగుతున్నప్పుడు "హీ ఈజ్ మిల్కింగ్ ఇట్" అని నవ్వింది కూడా. కాసేపయ్యాక తనంతట తనే, "మరి కెల్లీ ముందున్న లేడీస్‌కి ఓటు లేదు కదా?" అంది.

లేదు.

"అందుకే మనం అంటోంది. మనం పడుకున్నప్పుడు పిల్లలు మిల్లులో ఉన్నారు అని. వాళ్లు అంటే వీళ్లు ఇంటికెళ్లిపోతారు. మనం అంటే నిద్రపట్టదు. నిద్ర పట్టకపోతే ఓటు అడుగుతారు."

వంటింట్లో కుక్కరు నాలుగో కూత కూడా వేసింది. నేను కదల్లేదు.

సెప్టెంబరు 16

పప్పు మాడిన కుక్కరు రెండు రోజులు నానబెట్టినా వదల్లేదు.

సెప్టెంబరు 24, బుధవారం

వన్ త్రీ జీరో. ఆరుకి నాలుగు. టీచరు లెక్కలో 85. మొత్తం 80కి ఎక్కింది. ఒక చోట అంచున "ఎస్!" అని ఉంది.

ఈ నాలుగు కోసం రెండు రాత్రులు ఒంటిగంటన్నర దాకా మేలుకుంది. పొద్దున ఆరింటికల్లా బ్యాండు పార్కింగ్ లాట్‌లో ఉండాలి. కార్లో నోరు తెరుచుకుని నిద్రపోయింది. మొక్కుబడిగా "బాగా చేశావే" అన్నాను, వినిపించలేదు.

సెప్టెంబరు 27, శనివారం

బొమ్మల కొలువు పేరంటం. కొండపల్లి బొమ్మలు, ఒక మెట్టు మీద లెగోతో కట్టిన తిరుమల గోపురం. శనగలు, పులిహోర, తాంబూలం. అడగకుండానే సలహాలు.

ఒకావిడ: మధ్యలో దిగితే కాలేజీల వాళ్లకు తెలిసిపోతుంది వదినా. ఇంకొకావిడ: మావాడికి ఏడు ఏపీలు, వాడు అసలు పడుకోడు. (గర్వంగానే చెప్పింది.) మూడో ఆవిడ గొంతు తగ్గించి: ఆన్ లెవెల్‌లో అందరూ అలాంటి పిల్లలుంటారండీ.

అలాంటి అంటే ఎలాంటి అని అడగాల్సింది. తాంబూలం పుచ్చుకుని వచ్చేశాను. ఆ మాట మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది. జిల్లా పరిషత్తు హైస్కూలు పిల్లల్ని చూసి కాన్వెంటు వాళ్లు అనే మాట కదా అది. ఆ "అలాంటి"లో నేనూ ఉన్నాను.

సెప్టెంబరు 28, ఆదివారం

ఒళ్లెందుకు మండిందో ఇవాళ బట్టలు ఆరేస్తుంటే తెలిసింది.

ఇంటర్‌లో చేరేటప్పుడు సెకండ్ లాంగ్వేజ్ ఏమిటని ఫారంలో గడి ఉంది. నేను తెలుగు అని రాశాను. కాలేజీ క్లర్కు కొట్టేసి సంస్కృతం అని రాశాడు. "తెలుగులో డెబ్భై దాటవు. సంస్కృతంలో తొంభై అయిదుకు తక్కువ రావు. ఎంసెట్ చదువుకోవడానికి టైమూ మిగుల్తుంది," అన్నాడు. నాన్న తలూపారు. అక్షరమాల కూడా సరిగ్గా రాని నాకు చివరికి 98 వచ్చాయి. పది శ్లోకాలు, కొన్ని జవాబులు, అవే ప్రశ్నలు. మా సెక్షన్‌లో తెలుగు తీసుకున్నవాళ్లు వేళ్ల మీద లెక్క.

దాన్ని ఎవరూ దిగడం అనలేదు, తెలివి అన్నారు. మార్కుల జాబితా చూసి వీధంతా మెచ్చుకుంది. పరీక్ష రాసిన వారానికి ఆ పది శ్లోకాలూ పోయాయి. పద్యాలతో పెరిగినదాన్ని, టెన్త్ తరవాత ఒక్క తెలుగు పాఠం కూడా చదవలేదు. రాయబారం నాకు గుర్తుందంటే అది తాతయ్య భుజం పుణ్యం.

మా ఆయన ఎక్సెల్‌లో నాకు ఆ క్లర్కు కనిపించాడు. పాపం ఆయన తప్పేం లేదు.

అక్టోబరు 7, మంగళవారం

కౌన్సిలర్‌తో జూమ్. ఓపిక గల మనిషి. మారాలంటే 17లోపు తల్లో తండ్రో సంతకం చేసిన ఫారం ఇవ్వాలి. కట్నం లెక్క ఇక్కడా వర్తిస్తుందట, ఇప్పటి 80 కొత్త క్లాసులోకి 90గా వెళ్తుంది. నవంబరు మధ్యలో ఏపీ పరీక్షకు పేర్లు ఇవ్వాలి కాబట్టి ఇప్పుడే తేల్చుకుంటే మంచిదన్నారు. రచనకు కాలేజీ క్రెడిట్ కావాలంటే తరవాత కమ్యూనిటీ కాలేజీలో డ్యుయల్ క్రెడిట్‌గా ఇంగ్లీషు 1301 తీసుకోవచ్చు, తలుపేమీ మూసుకుపోదు.

ఒకటే తిరకాసు. నాలుగో పీరియడ్‌లో ఆన్ లెవెల్ ఖాళీ ఉంది కానీ దానికోసం కెమిస్ట్రీని రెండో పీరియడ్‌కి జరపాలి. "ఇంకా ఒకటి రెండు చిన్న మార్పులు ఉండొచ్చు" అన్నారు. ఆ చిన్న మార్పులేమిటో నేను అడగలేదు.

అక్టోబరు 11, శనివారం

బ్యాండు పోటీ నుంచి రాత్రి తీసుకొస్తుంటే కార్లో తనే ఎత్తింది. చీకట్లో, ముందుకు చూస్తూ మాట్లాడితే దానికి మాట సులువు.

దిగిపోతానంది. 80 వచ్చాక ఎందుకే అన్నాను. ఇప్పుడు చేయగలనని తెలిసింది కాబట్టే అంది. ఆగస్టులో దిగితే రాక దిగినట్టు ఉండేదట.

మరి జీపీఏ కోసమా?

"నాన్న లెక్క నాన్నది. అమ్మా, ఆగస్టు నుంచి నేను ఒక్క బుక్ కూడా ఎండ్ దాకా చదవలేదు. అన్నీ టూ పేజెస్, త్రీ పేజెస్. ఫార్టీ మినిట్స్, బెల్. ఆన్ లెవెల్‌లో నెక్స్ట్ గ్యాట్స్‌బీ చదువుతారంట, మొత్తం. నాకు బుక్ ఫుల్‌గా చదవాలని ఉంది. నిద్రపోవాలని కూడా ఉంది."

క్లారినెట్ మానేస్తే టైము వస్తుంది కదా అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఈ మధ్య నేను చేసిన మంచి పని అదొక్కటే.

మంచి క్లాసు వదిలేస్తోంది, అది నిజం. ఆ టీచరు ఎర్రసిరా నాకు నచ్చింది. అయినా నేను సంస్కృతం తీసుకున్నట్టు తీసుకోవడం లేదు ఇది. చదవడానికే దిగుతోంది.

అక్టోబరు 14, మంగళవారం

ఫారం మీద సంతకం పెట్టాను. "కారణం" అనే చోట రెండు గీతలే ఉన్నాయి. "వర్క్‌లోడ్" అని ఒక్క మాట రాశాను. పుస్తకం చివరిదాకా చదవడానికి అని రాస్తే కంప్యూటర్‌లో ఏ గడిలో పడుతుందో.

మా ఆయన 4.5 వస్తుందని సంతోషించారు. సంతోషించనీ.

అక్టోబరు 15, బుధవారం

బడి నుంచి వచ్చి బ్యాగు విసిరేసి ఏడ్చింది. భయపడ్డాను, క్లాసు బాగాలేదా, ఎవరైనా ఏమైనా అన్నారా అని.

కెమిస్ట్రీ జరిగింది కాబట్టి లంచ్ కూడా జరిగింది. ఇన్నాళ్లూ బ్యాండు పిల్లలందరితో కలిసి ఏ లంచ్. ఇవాళ్టి నుంచి బీ లంచ్, అందులో దానికి తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.