ఈఎంసీ: పెరిగిన వ్యాపారం, పెరగని పెట్టుబడి

1979లో మసాచుసెట్స్‌లో రిచర్డ్ ఈగన్, రోజర్ మారినో స్థాపించిన ఈఎంసీ తొలినాళ్లలో కంప్యూటర్ల మెమొరీ బోర్డులు అమ్మేది. 1990లో అది తెచ్చిన సిమెట్రిక్స్, ఖరీదైన పెద్ద డిస్కులకు బదులు చౌకైన చిన్న డిస్కులను వరుసలుగా కలిపి, వాటి ముందు వేగవంతమైన మెమొరీని నిలిపి, పెద్ద సంస్థల సమాచారాన్ని భద్రపరిచే యంత్రం. ఐబీఎం ఏలుతున్న రంగంలోనే దానిని అమ్మి ఈఎంసీ ఎదిగింది. 2000లో కంపెనీ అమ్మకాలు సుమారు 890 కోట్ల డాలర్లకు, నికర లాభం సుమారు 178 కోట్లకు చేరగా, షేరు ధర 100 డాలర్లు దాటింది.

సమాచారం పెరగడమే తప్ప తరగదు కనుక దానిని దాచే కంపెనీని ఏ ధరకు కొన్నా ఫరవాలేదని ఈ వ్యాసకర్త మేనమామ ఆ రోజుల్లో బంధువులందరికీ చెప్పేవారు. అందులో మొదటి సగం అక్షరాలా నిజం కావడమే ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

అప్పటి షేర్లు దాదాపు 220 కోట్లు కాబట్టి ఒక్కో షేరుకు వచ్చిన లాభం 81 సెంట్లు. షేరు ధరను ఈ లాభంతో భాగిస్తే వచ్చే ధర-ఆర్జన నిష్పత్తి 120 దాటుతుంది, అంటే లాభం అక్కడే నిలిచిపోతే పెట్టుబడి తిరిగి రావడానికి ఒక శతాబ్దం చాలదు. లాభం నిలవనైనా లేదు: డాట్‌కామ్ ఖాతాదారులు మాయమై, మిగిలినవారు కొనుగోళ్లు వాయిదా వేయగా, 2001లో కంపెనీ నష్టాల్లో పడింది, 2002లో షేరు ఐదు డాలర్ల లోపుకు జారింది.

ఆ తర్వాత కోలుకున్న ఈఎంసీ అమ్మకాలు 2015లో 2,470 కోట్ల డాలర్లు, అంటే 2000 నాటికి 2.8 రెట్లు. 2016లో డెల్ దానిని కొన్నప్పుడు షేరుకు 24.05 డాలర్ల నగదుతో పాటు సుమారు 0.111 ట్రాకింగ్ స్టాక్, అనగా వీఎంవేర్‌లో ఈఎంసీకి ఉన్న వాటా విలువను అనుసరించే ప్రత్యేక షేరు, దక్కింది. 2018లో డెల్ దానికి 120 డాలర్ల వెల కట్టింది. 100 డాలర్ల చొప్పున నూరు షేర్లకు 10,000 డాలర్లు పెట్టినవారికి చేతికొచ్చినవి 2,405 నగదు, ట్రాకింగ్ స్టాక్ మీద 1,332, మొత్తం 3,737. 2013లో మొదలైన డివిడెండ్లు అన్నీ కలిపినా మరో 150 దాటవు. ఇదే మొత్తం, 2002లో ఐదు డాలర్లకు అవే నూరు షేర్లు కొన్నవారి 500 డాలర్లకు ఏడు రెట్ల పైచిలుకు. 2000లో అమెరికా ప్రభుత్వ బాండ్లు ఏటా ఐదు శాతానికి పైగా వడ్డీ ఇచ్చేవి.

మేనమామ మాత్రం వీఎంవేర్‌ను చూపి తమదే పైచేయి అంటారు. ఒకే యంత్రంపై అనేక కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ఆ కంపెనీని ఈఎంసీ 63.5 కోట్ల డాలర్లకు కొన్నది 2004లో. ఆయన సలహా ఇచ్చేనాటికి అది ఈఎంసీలో భాగం కాదు, నిల్వ వ్యాపారానికి చెందినదీ కాదు.