ఆపదకు డబ్బాడు గింజలు

బజారు మొహం చూడకుండా, ఈ క్షణాన మీ వంటింట్లో ఉన్న సరుకుతో ఎన్నాళ్ళు గడపగలరు? బియ్యం సంగతి కాదు నేనడిగేది. బియ్యం ఇంచుమించు అందరి ఇళ్ళలోనూ ఉంటాయి. పాలు, గుడ్లు, కూరగాయలు దొరకని పది రోజుల్లో ఒంటికి కావలసిన మాంసకృత్తులు ఎక్కడి నుండి వస్తాయన్నదే ప్రశ్న. ఫ్రిజ్ ఉంది గదా అంటారేమో! కరెంటు పోయిన రెండో రోజుకు ఫ్రిజ్‌కూ బీరువాకూ తేడా ఉండదు.

2020 మార్చిలో మా అమీర్‌పేటకు ఈ ప్రశ్న ఎదురైంది. కంప్యూటర్ కోర్సులకని, పోటీ పరీక్షలకని ఊళ్ళనుండి వచ్చిన పిల్లలతో ఇక్కడి సందులు ఎప్పుడూ కిటకిటలాడుతూంటాయి. లాక్‌డౌన్ ప్రకటించగానే చాలా హాస్టళ్ళవారు ఖాళీ చేయమన్నారు. మార్చి 25న ఎస్.ఆర్.నగర్, పంజాగుట్ట పోలీసు స్టేషన్ల ముందు అనుమతి పత్రాల కోసం పిల్లలు గుంపులుగా నిలబడ్డారు. పత్రాలు చేతబట్టుకుని బయలుదేరినవారిలో ఎందరినో ఆంధ్ర సరిహద్దులో గరికపాడు దగ్గర ఆపేశారు. వెళ్ళలేక ఇక్కడే మిగిలిపోయినవారికి మెస్సు లేదు, హోటలు లేదు.

మా పక్క భవనంలో అలా ముగ్గురు కుర్రాళ్ళు మిగిలారు. వాళ్ళ దగ్గరున్నది ఒక కరెంటు కెటిల్, ఎవరో ఇచ్చిన కిలో రాజ్మా. ఓ గంట నానబెట్టి, కెటిల్‌లో వేసి, అది టక్కుమని ఆగిపోగానే ఉడికాయనుకుని ఉప్పు చల్లుకు తిన్నారు. మూడు గంటలు తిరక్కుండానే ముగ్గురికీ ఆగని వాంతులు, ఆపైన విరేచనాలు. ఆ రోజుల్లో ఏ లక్షణం కనబడినా కరోనాయేమోనని ప్రాణం గుబుక్కుమనేది. నిమ్స్ ఆస్పత్రి మాకు దగ్గరే అయినా, వెళ్దామంటే ఆటో లేదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు కలిపి – టీ చెంచా, గోపురం కట్టకుండా సమంగా తీసింది సుమా – గుక్కెడు గుక్కెడుగా తాగించాము. మర్నాటికి తేరుకున్నారు.

జరిగిందేమిటంటే, రాజ్మా గింజల్లో సహజంగానే ఒక విష పదార్థం ఉంది. నాలుగైదు పచ్చి గింజలు చాలు, మనిషిని మంచాన పడేయడానికి. అరకొరగా వేడి చేస్తే ఆ విషం పోదు సరికదా, పచ్చి గింజలకన్న ఎక్కువ బాధ పెట్టవచ్చు. కనీసం అయిదారు గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో కళపెళ తెర్లేటట్లు అరగంట మరిగించి, ఆ తర్వాత మెత్తబడేదాకా ఉడికించాలి. ప్రెషర్ కుక్కరుంటే ఇక బెంగే లేదు. ఎండు చిక్కుడు గింజల్నీ, ముఖ్యంగా నల్లనివాటిని, ఇదే పద్ధతిలో నానబెట్టి నీరు పారబోసి వండుకోవాలి. గింజను వేళ్ళ మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. పలుకు తగిలితే మళ్ళీ పొయ్యి మీద పెట్టవలసిందే.

ఇంత భయపెట్టి, గింజలే దాచుకోమంటున్నారేమిటి అంటారా? వండడం తెలిస్తే వాటంత నమ్మకమైన సరుకు మరొకటి లేదు గనుక. ఉలవలు, బొబ్బర్లు, అనుములు, శనగలు, పెసలు – ఏది తీసుకున్నా 100 గ్రాములకు సుమారు 20 నుండి 25 గ్రాముల మాంసకృత్తులుంటాయి. బియ్యంలో ఏడెనిమిది మాత్రమే. అంతేకాదు, బియ్యంలో లోపించినదాన్ని గింజలూ, గింజల్లో లోపించినదాన్ని బియ్యమూ పూరిస్తాయి. మన పెద్దలు పప్పన్నం ఊరికే తినలేదు. మనిషికి రోజుకు 80 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి పది రోజులకు మూడు కిలోల పైచిలుకు చాలు. ఎర్రగడ్డ రైతుబజారుకు ఒక్కసారి వెళ్ళివస్తే అయిపోయే పని. ఆంధ్రవారు ఉలవచారు అంటారు, తెలంగాణవారు అనుముల గుడాలంటారు. మా వాడలో రెండిళ్ళవారూ గోడకు గోడగా ఉన్నారు కనుక ఏది దాచాలో తగవు అక్కర్లేదు, మీ ఇంట్లో ఇష్టంగా తినేదే దాచండి. తినే అలవాటు లేని సరుకు ఆపదలో గొంతు దిగదు.

ఒక్క గింజను మాత్రం దూరంగా ఉంచండి – కేసరి. అనావృష్టికీ, నీటి ముంపుకూ కూడా తట్టుకుని పండే మొండి పంట అది. అందుకే కరువులో బీదలకు అదే దిక్కయ్యేది. నెలల తరబడి అదే ముఖ్యాహారంగా తిన్నవారికి కాళ్ళు చచ్చుబడిపోయేవి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వప్నియార్కా అనే నిర్బంధ శిబిరంలో ఖైదీలకు ఈ గింజలే పెట్టగా వందలమంది నడవలేనివారయ్యారు. విడదీసిన కేసరిపప్పు చూపుకు కందిపప్పులా ఉంటుంది కనుక కల్తీకి వాడేవారున్నారు. కంది గుండ్రన, కేసరి ఏటవాలుగా గొడ్డలి అంచులా ఉంటుంది. విడి పప్పు చౌకగా వస్తోందని మూటకు మూట కొనేముందు గుప్పెడు తెల్ల కాగితం మీద పోసి చూడండి. ఆపత్కాలానికి పప్పుకన్న పొట్టుతో ఉన్న గుండు గింజలే మేలనడానికి ఇదొక కారణం. అవి మొలకెత్తుతాయన్నది రెండో కారణం. ఎండు గింజలో సి విటమిన్ దాదాపు ఉండదు. రెండు రోజులు మొలక కడితే పుడుతుంది. కూరగాయలు దొరకని వేళ అది చిన్న విషయం కాదు. అయితే 2020 అక్టోబరులో నగరాన్ని ముంచినటువంటి వరదల తర్వాత నీటిని నమ్మలేము. అప్పుడు మొలకల్ని పచ్చిగా కాక ఆవిరి మీద ఉడికించే తినాలి.

ఇక దాచడం. గింజను పంటికింద పెడితే పుటుక్కున విరగాలి. నొక్కు పడితే ఇంకా ఎండలేదన్నమాట. బాగా ఎండినవాటిని చల్లార్చి గాలి చొరని డబ్బాలో పోయండి. తినే గింజలకు కొద్దిగా ఆముదం పట్టిస్తే పుచ్చు పట్టదు, వండేముందు కడిగితే సరి. విత్తనానికైతే జల్లించిన బూడిద, ఎండు వేపాకు చాలు. ఎంత బాగా దాచినా వేడికీ తేమకూ ఏళ్ళు గడిచిన గింజ ఎంత ఉడికించినా మెత్తబడదు. సోడా చిటికెడు వేస్తే మెత్తబడుతుంది గాని, బి1 విటమిన్ నశిస్తుంది. కనుక డబ్బాను అటకెక్కించి మరచిపోక, వారానికోసారి వండుకుంటూ, వాడినంత మళ్ళీ నింపుతూండండి.

బాల్కనీలో పెంచవచ్చునా అని కొందరడుగుతారు. పెంచవచ్చును. కాని కుండీలో పెంచి కుటుంబాన్ని పోషిస్తామనుకోకండి. మూడో అంతస్తులో నా రెండు చిక్కుడు పాదులకు కలిపి ఎండు గింజలు అరకిలోకు మించవు. లాభం వేరే ఉంది. లేత కాయలు తాజా కూర, ముదిరినవి వచ్చే ఏటి విత్తనం. ఆషాఢంలో నాటితే పగటి పొద్దు తగ్గాక పూత పట్టి సంక్రాంతి నాటికి విరగకాస్తుంది. పూటకు పూట ఎండ తగలాలి, పేనుబంక కనిపిస్తే సబ్బునీళ్ళు చిలకరించాలి. రథసప్తమికి చిక్కుడుకాయల రథం కట్టే ఇళ్ళవారికి నేను చెప్పేదొకటే. రథానికీ కూరకూ కోశాక, బలమైన పాదును ఎంచి దాని మొదటి గుత్తులను కోయక వదిలేయండి. అవి తీగ మీదే ఎండి, ఊపితే గలగలమన్నప్పుడు తీయాలి. చిక్కుడు చాలావరకు తన పూవుతో తానే కాయ కట్టే జాతి కాబట్టి పిల్ల మొక్కకు తల్లి పోలికే వస్తుంది.

పంజాగుట్ట, అమీర్‌పేట మీదుగా పోయే బొంబాయి రోడ్డునే పట్టుకు వెళితే పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ వస్తుంది. కంది, శనగ రకాల్ని అక్కడ శీతల గదుల్లో భద్రపరుస్తున్నారు. ఇంకా ముందుకు పోతే జహీరాబాద్. అక్కడి పస్తాపూర్ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు బుట్టల్లో బూడిదా వేపాకూ కలిపి పాత రకాల విత్తనాలు కాపాడుకున్నారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఒకే రోడ్డు మీద యంత్రంతో దాచేవారూ, బుట్టలో దాచేవారూ ఉన్నారు. మనకు అందేది బుట్ట పద్ధతి.

మూత్రపిండాల జబ్బున్నవారు, యూరిక్ ఆమ్లం ఎక్కువై కీళ్ళవాపు వచ్చేవారు ఎంత తినవచ్చునో తమ డాక్టరునడిగి తెలుసుకోవాలి. గ్యాసు బాధ ఉన్నవారు మొదట గుప్పెడుతో ఆరంభించి, నానిన నీరు పారబోసి, ఇంగువా అల్లమూ వేసి వండుకుంటే కొన్ని వారాల్లో కడుపు అలవాటు పడుతుంది. ఆ అలవాటేదో నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే చేసుకోండి.