దిండు కింద చాక్లెట్లు



మా పెందుర్తి అపార్ట్‌మెంట్ పిల్లలకి ఇప్పుడు హాలోవీన్ కూడా ఒక పండగే. 2024లో దీపావళి, హాలోవీన్ రెండూ అక్టోబరు 31నే పడ్డాయి. దీపాల రోజున దెయ్యాల వేషాలేమిటని పెద్దవాళ్ళు అనడంతో అంతకు ముందు శనివారమే పిల్లలు తెల్ల దుప్పట్లు కప్పుకుని ఫ్లాట్ ఫ్లాట్‌కీ తిరిగారు. మూడో తరగతి చదువుతున్న మా అమ్మాయి సంచిలో నలభై రెండు చాక్లెట్లు తేలాయి. దీపావళికి మావారి ఆఫీసు నుంచి ఒక స్వీట్ బాక్సు, ఇరుగుపొరుగు నుంచి రెండు, మా అత్తగారు తెచ్చిన మాడుగుల హల్వా. నవంబరు 5న నాగుల చవితికి చిమ్మిలి, చలివిడి. 14న బాలల దినోత్సవం, మళ్ళీ చాక్లెట్లు. మీ ఇంట్లోనూ లెక్క ఇంచుమించు ఇంతే కదా?

నేను చాలా మంది అమ్మలు చేసే పనే చేశాను. చాక్లెట్ల సంచి బీరువాలో పెట్టి తాళం వేశాను. "బాగా చదివితే రోజుకొకటి" అన్నాను. మా అత్తగారు "ఏటమ్మా, పండక్కి కూడా పిల్లని తిననివ్వవేటి?" అన్నారు. నేను వినలేదు. పైగా మంచి తల్లినని మనసులో అనుకున్నాను కూడా.

నెలాఖరున దిండు గలీబు మారుస్తుంటే చాక్లెట్ కాగితాలు రాలాయి. లెక్కపెడితే పదకొండు. బీరువాలోకి వెళ్ళేలోపే కొన్ని తీసి దాచుకుందన్నమాట. రాత్రి పళ్ళు తోముకున్నాక, లైటు ఆర్పాక, ఒక్కొక్కటీ చప్పరించేది. కోపంగా అడిగాను. "నువ్వు దాచేశావు కదమ్మా, అందుకే నేనూ దాచాను" అంది. నా దగ్గర సమాధానం లేదు.

ఆ తర్వాత కొద్ది రోజులకే అన్నం ఒకవైపే నములుతోందని గమనించాను. డెంటిస్టు దగ్గరికి తీసుకెళితే కింది దవడలో వెనకపన్ను పుచ్చిందన్నారు. "పాలపన్నే కదండీ, ఊడిపోతుంది" అన్నాను ధైర్యంగా. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "కాదమ్మా, ఇది ఆరేళ్ళ వయసులో పాలపళ్ళ వెనక కొత్తగా వచ్చిన పన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి ఎవరూ గమనించరు. ఇది పోతే దీని స్థానంలో ఇంకోటి రాదు" అన్నారు. మన పిల్లల నోట్లో అలాంటివి నాలుగు ఉంటాయట, పైన రెండు, కింద రెండు. ఎనిమిదేళ్ళ తల్లినై ఉండి ఈ సంగతి నాకు తెలియదు. మీకు తెలిసి ఉంటే సంతోషం. లేకపోతే ఈ రాత్రే మీ పిల్లల నోరు తెరిపించి చూడండి.

ఇది ఒక్క పండగ చేసిన పని కాదని, నెలల తరబడి జరిగిందని కూడా చెప్పారు. ఎంత తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యమట. తీపి తగిలిన ప్రతిసారీ నోట్లోని బ్యాక్టీరియా యాసిడ్ తయారుచేస్తుంది. లాలాజలం దాన్ని సర్దడానికి అరగంట దాకా పడుతుంది. ఐదు చాక్లెట్లు భోజనం వెంటే ఒకేసారి తింటే దాడి ఒక్కటే. అవే ఐదు రోజంతా తింటే ఐదు దాడులు. నిద్రలో లాలాజలం తగ్గుతుంది కాబట్టి రాత్రి తిన్నది అన్నిటికంటే చేటు. అంటే నా "రోజుకొకటి" లెక్క, తాళం రెండూ కలిసి పిల్లని సరిగ్గా తినకూడని వేళలోకే నెట్టాయి.

"బెల్లమైతే పరవాలేదు కదా?" అని మా అత్తగారు అడిగించారు. అనకాపల్లి బెల్లమైనా పంటికి తీపి తీపేనని జవాబు వచ్చింది.

ఫిల్లింగ్ అయింది. ఇంట్లో పద్ధతులు మారాయి. ఇప్పుడు తీపి భోజనం అయిన వెంటనే, అందరం కూర్చుని తింటాం. తాళం లేదు. రాత్రి తోమాక మంచినీళ్ళే. ఆ తోమడం కూడా నేను పక్కనుండి వెనకపళ్ళ దాకా చూస్తాను. కోవా స్వీట్లు త్వరగా పాడవుతాయి కాబట్టి అవి ముందు తింటాం, చాక్లెట్లు ఆగుతాయి. ప్యాకెట్టు వెనక చక్కెర ఎన్ని గ్రాములో చదివి నాలుగుతో భాగించడం మా అమ్మాయి పని. నాలుగు గ్రాములంటే దాదాపు ఒక టీస్పూను. పెద్దవాళ్ళకే రోజుకి పాతిక గ్రాములు, అంటే ఆరు స్పూన్లు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఒక రోజు మా అమ్మాయి కూల్‌డ్రింక్ సీసా లెక్కకట్టి, ఏమీ అనకుండా ఫ్రిజ్‌లో తిరిగి పెట్టేసింది. నేను చెబితే వినేది కాదు.

మిగిలిన చాక్లెట్లు వాచ్‌మన్ గారి పిల్లలకి ఇచ్చేద్దామన్నాను. "వాళ్ళ పళ్ళు పాడవ్వవా అమ్మా?" అని అడిగింది. రెండోసారీ నా దగ్గర సమాధానం లేదు. అందుకే మిగిలాక పంచడం మానేసి, మొదటే తక్కువ వచ్చేలా చూస్తున్నాం. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో అడిగితే సగం ఇళ్ళవాళ్ళు పెన్సిళ్ళు, స్టిక్కర్లు, జామకాయలు ఇస్తామన్నారు. పుట్టినరోజుకి క్లాసులో తను ఎరేజర్లు పంచింది.

ఈ పండక్కి మీరూ ఒకటి చేసి చూడండి. తాళం తీసేయండి, చాక్లెట్లు పిల్లల ముందే లెక్కపెట్టండి, ఎప్పుడు తినాలో వాళ్ళతోనే చెప్పించండి. మా అమ్మాయి ఇప్పటికీ చాక్లెట్ దాస్తుంది. కాకపోతే డైనింగ్ టేబుల్ మీద, అన్నం తిన్నాక తినడానికి, అందరికీ కనబడేలా.